ఆ సంతకం జర ఆపు బిడ్డా

బిడ్డా,

మొన్న ఆదివారం భవానీమాత గుడిల మొక్కు చెల్లించుకొని, పొయ్యే ముందట నువ్వు మా అరుగు మీద కూసున్నవు. చేతిసంచిల నుంచి తెల్ల కవరు తీసి నా ఒడిల పెట్టినవు. "పెద్దమ్మా, నువ్వు నర్సమ్మవు గద, జర చూడు. వచ్చే సోమవారం గర్భసంచి తీసేస్తమన్నరు" అన్నవు. నేను అద్దాలు వెతుక్కునే లోపల సంగారెడ్డి బస్సొచ్చింది. అల్లుడు కేకేసిండు, ఎక్కి పోయినవు. చెయ్యి పట్టి ఆపాల్సుండె. ఆపలే. ఫోన్ల చెప్దామంటే పగలు నువ్వు కంపెనీల ఉంటవు, ఇంటికొచ్చినంక పక్కన మీ అత్తమ్మ ఉంటది. అందుకే రాస్తున్న. నిమ్మళంగ చదువుకో. చదివినంక అల్లునికి గూడ ఇయ్యి.

నీకిప్పుడు ముప్పై రెండేండ్లు. ఆ కవర్ల ఉన్న స్కానింగ్ కాయితం నేను మూడు రాత్రులు చదివిన. అండ్ల మొదటి మాట 'బల్కీ యుటరస్' అని ఉంది. "నీ సంచి వాచింది" అని నీకు చెప్పిండ్రు చూడు, ఆ మాట ఇదే. ఇద్దరు పిల్లలను మోసిన సంచి పెండ్లి కాని పిల్ల సంచి లెక్క ఎట్ల ఉంటది? కాన్పులైన ఆడోళ్లల్ల అది జర పెద్దగనే ఉంటది. ఆ ఒక్క మాట చూసి కత్తి పట్టే అవసరం రాదు. దాని కింద 'ఫైబ్రాయిడ్, 14 మిల్లీమీటర్లు' అని ఉంది. అంటే నానబెట్టిన శనగ గింజంత కండగడ్డ. ఇసొంటివి మస్తుమంది ఆడోళ్లకు ఉంటయి, చానా మందికి ఉన్నట్టు గూడ తెల్వదు. అవి క్యాన్సర్ గడ్డలు కావు, ముట్లు ఆగిపోయినంక వాటంతట అవే చిన్నగయితయి. ఇంకా కింద 'నాబోతియన్ సిస్ట్స్' అని పెద్ద పేరు పెట్టి రాసిండ్రు. సంచి మూతి మీద చెమట పొక్కులసొంటి చిన్న చిన్న బుగ్గలు అవి. వాటితోని ఏ బాధా రాదు.

ఇగ డాక్టర్ చీటీ మీద చేతిరాతతోని ఇంకో మాటుంది, 'ఎరోషన్' అని. నీకు దాన్నే "మూతి కాడ పుండైంది, ఇట్లనే ఇడిస్తే క్యాన్సర్ అయితది" అని చెప్పిండ్రు. నువ్వు నాకు ఆ మాట చెప్పేటప్పుడు నీ పెదవులు అదిరినయి. బిడ్డా, అది పుండు కాదు. సంచి మూతి లోపలి పొర ఎర్రగ, మెత్తగ ఉంటది. వయసుల ఉన్న ఆడోళ్లకు, గర్భంతోని ఉన్నోళ్లకు, పిల్లలు కాకుండ గోలీలు మింగేటోళ్లకు ఆ పొర కొంచెం బయటికి పరుచుకుంటది. బయటి చర్మం పక్కన ఎర్రగ కనిపిస్తది గనుక పాతకాలంల ఎరోషన్ అని పేరు పెట్టిండ్రు. ఇప్పుడు పెద్ద డాక్టర్లు ఎక్ట్రోపియన్ అంటున్నరు, అది రోగం కాదని చెప్తున్నరు. తెల్లబట్ట కొంచెం ఎక్కువ కావచ్చు, అంతే.

ఆ కాయితాలల్ల ఏమేమి లేవో గూడ చూసిన. నీకు నెలకు పది రోజులు ముట్టయితుందన్నవు గద, మరి నీ రక్తం ఎంతుందో చూడలే. థైరాయిడ్ చూడలే. థైరాయిడ్ తక్కువున్నా ముట్టు ఎక్కువ అయితది. మూతి పరీక్ష చేయలే. తెల్లబట్ట ఎందుకు అయితుందో కనుక్కోలే. ఆపరేషన్ అడ్వాన్స్ రసీదు మాత్రం పిన్ను కొట్టి పెట్టిండ్రు.

ఇంత గట్టిగ చెప్తున్నవేంది, నీకేం తెలుసు అంటవేమో. నా కథ నీకు సగమే తెలుసు. మిగిలిన సగం ఎవ్వరికి చెప్పలే.

నాకు ముప్పై మూడేండ్లు ఉన్నప్పుడు ఇట్లనే తెల్లబట్ట, నడుము నొప్పి. ఏఎన్‌ఎం డ్యూటీ చేస్తున్న, ఊరూరు తిరిగి గర్భిణులకు సూదులిస్తున్న, నా సంగతి మాత్రం నాకు పట్టలే. ఒక ప్రైవేటు దవాఖానకు పోయిన. ఒక్కపారి చూసి, ఒక్క స్కానింగ్ చేసి, సంచి తీసెయ్యాలె అన్నరు. పిల్లలైపోయిండ్రు గద, ఇంకెందుకు అన్నరు. నాకూ నిజమే అనిపించింది. పుస్తెలతాడు కుదువ పెట్టి పైసలు కట్టినం. సంతకం మీ పెద్దనాయన పెట్టిండు. నేను స్ట్రెచర్ మీద ఉన్న.

మూడు నెలలు తిరగక ముందే ఒంట్ల సెగలు మొదలైనయి. మెడ మీద, చెవుల ఎనుక మంట పెట్టినట్టు అయ్యేది. చలికాలం గూడ రాత్రి లేచి వాకిట్ల కూసునేదాన్ని. మోకాళ్లు పట్టేసినయి. ఊరికే ఏడుపొచ్చేది. మొగని దగ్గర పండుకుంటే ఎండిపోయిన గాయం మీద రుద్దినట్టు నొప్పి. వద్దంటే ఆయనకు కోపం, ఊకుంటే నాకు నరకం. ఆయన చెడ్డోడు కాదు. ఎందుకు నొప్పో నాకు తెలిస్తే గద ఆయనకు చెప్పనీకి. రెండేండ్లు మేమిద్దరం ఒక్కింట్ల ఎడమొకం పెడమొకంగ బతికినం.

యాభై దాటినంక ఒకరోజు వాకిట్ల సాన్పు చల్లుతూ జారి పడ్డ. ఎత్తు మీద నుంచి కాదు, ఉన్న కాడనే. మణికట్టు ఎముక చిట్లింది. ఎముకల డాక్టర్ పరీక్ష చేయించి, "ఎముకలు గుల్లబారినయమ్మా, ముట్లు ఎప్పుడు ఆగినయి?" అని అడిగిండు. సంచి తీసిండ్రని చెప్పిన. "అండాశయాలు ఉంచిండ్రా?" అన్నడు. నాకు తెల్వదు. ఇంటికొచ్చి పెట్టె అడుగు నుంచి పాత కాయితం తీసిన. మడతలు చినిగిపోయినయి, అక్షరాలు ఎలిసిపోయినయి. అండ్ల 'టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ' అని ఉంది. టీఏహెచ్ అంటే పొట్ట కోసి సంచి తీసినట్టు, బీఎస్‌ఓ అంటే రెండు దిక్కుల అండాశయాలు, ట్యూబులు గూడ తీసినట్టు. ఇన్నేండ్లు ఆ కాయితం నా పెట్టెల్నే ఉంది. నేను నర్సును. ఆ అక్షరాలు చదవనీకి వచ్చినదాన్ని. ఒక్కనాడు తీసి చూడలే. మీ పెద్దనాయనను అడిగితే, "ఎట్లయినా పొట్ట కోసినం, అవి గూడ తీసేస్తే రేపు క్యాన్సర్ భయం ఉండదన్నరు, సరే అన్న" అన్నడు. ఆయన గూడ ఆ రాత్రి తిండి తినలే.

అండాశయాలు పిల్లల కోసమే ఉండవు బిడ్డా. అండ్ల నుంచి వచ్చే హార్మోను ఎముకలకు బలం, గుండెకు కాపు, ఒంటికి తడి. ముట్లు వాటంతట అవి ఆగేది నలభై ఐదు, యాభై ఏండ్లకు. ముప్పై మూడేండ్లకే రెండూ తీసేస్తే ఒక్కరాత్రిల ముసలితనం మీద పడ్డట్టు. తప్పనిసరై తీస్తే, వద్దనే కారణం వేరే లేకపోతే, యాభై ఏండ్ల దాక హార్మోను మందులిస్తరు. నాకు అది గూడ ఎవ్వరు చెప్పలే. అండాశయాలు ఉంచి సంచి ఒక్కటే తీసినా, కొందరికి ముట్లు ఆగే వయసు కొన్నేండ్లు ముందుకొస్తది, ఎందుకంటే వాటికి పొయ్యే రక్తం కొంత సంచి దిక్కు నుంచే పోతది.

ఇది నీ ఒక్కదాని కథ, నా ఒక్కదాని కథ అయితే ఇంత రాయకపోదును. 2019 నుంచి 2021 దాక దేశమంత తిరిగి చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల, 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల సంచి తీయించుకున్నోళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది చిల్లర. మన తెలంగాణల నూటికి 8 మంది దాటిండ్రు. ఆంధ్రల అంతకన్నా జర ఎక్కువ. దేశంల అందరికన్నా మన రెండు తెలుగు రాష్ట్రాలే ముందున్నయి. మన ఆడోళ్ల సంచులకు మాత్రమే ఏదో రోగం పుట్టిందంటవా? లేదు. ఆ ఆపరేషన్లల్ల ఎక్కువ భాగం ప్రైవేటుల అయినయే. ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తల ఈ ఆపరేషన్లు ఎంత పెరిగినయంటే, సర్కారే కట్టడి పెట్టాల్సొచ్చింది.

దూరం పోవద్దు. హైదరాబాద్ డాక్టరమ్మ కామేశ్వరి, ఆమె పెనిమిటి డాక్టర్ వింజమూరి ప్రకాశ్ మన ఉమ్మడి మెదక్ జిల్లా ఊర్లల్లనే తిరిగిండ్రు. సంచి తీయించుకున్న ఆడోళ్ల దగ్గర కూసొని, వాళ్ల కాయితాలు చూసి, ఒక్కొక్కరి కథ రాసుకున్నరు. ముప్పై గూడ నిండని తల్లులు ఎందరో ఉన్నరు అండ్ల. తెల్లబట్ట, కడుపు నొప్పి, క్యాన్సర్ అయితదన్న భయం, ఇవే కారణాలు. చెరకు కొట్టనీకి మన దిక్కు మహారాష్ట్ర నుంచి జోడీలు జోడీలు వస్తరు చూడు, వాళ్లల్ల బీడ్ జిల్లా ఆడోళ్ల సంగతి ఇంకా ఘోరం. 2019ల అక్కడి సర్కారు కమిటీ 82,309 మంది ఆడ కూలీలను అడిగితే 13,861 మందికి సంచి లేదు. ముట్టు నొప్పికి ఒక్కరోజు పని మానితే కూలి పోతది, మీదికెల్లి జరిమానా. అందుకని సంచే తీయించుకున్నరు. నువ్వు గూడ అదే మాటన్నవు యాదికుందా? "కంపెనీల నెలకు మూడు నాలుగు రోజులు కోత పడుతుంది పెద్దమ్మా, తీసేస్తే పీడ పోతది" అని. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటనే ఉంది.

ఇగ నీ తెల్లబట్ట సంగతి. ముట్టుకు ముట్టుకు నడుమ, మధ్య రోజులల్ల గుడ్డు తెల్లసొనలెక్క సాగేది, ముట్టు వచ్చే ముందర చిక్కగయ్యేది, అది ఒంటి ధర్మం. దానికి మందు అక్కరలే, రక్తం కారిపోతున్నట్టు భయపడే పని లేదు. పెరుగు తునకలెక్క వచ్చి దురద పుడితే అది ఒక తీరు బూజు. చేపల వాసన వస్తే ఇంకో తీరు. పచ్చగ, నురగలెక్క వస్తే ఇంకొకటి. వీటికి మందులు ఉన్నయి, రోజుల్ల తగ్గుతయి. సర్కారు దవాఖానల సురక్ష క్లినిక్ ఉంటది, అక్కడ రంగురంగుల డబ్బాలల్ల మందులు పైసలు తీసుకోకుండ ఇస్తరు. తెల్లబట్టకు ఇచ్చేది ఆకుపచ్చ డబ్బా, పొత్తికడుపు నొప్పి గూడ ఉంటే పసుపు డబ్బా. ఏది ఇయ్యాలో చూసి వాళ్లే ఇస్తరు. నువ్వు మందుల షాపుల అడిగి మింగకు.

ఈ మాట మాత్రం అల్లునితోని చెప్పు, సిగ్గుపడకు. కొన్ని తీర్ల తెల్లబట్ట ఇద్దరి నడుమ తిరుగుతది. నువ్వొక్కదానివే మందు మింగితే వారం తగ్గుతది, మళ్ల ఆయన దగ్గర నుంచి నీకే వస్తది. అప్పుడు "మందుతోని తగ్గుతలేదు, సంచి తీయాలె" అంటరు. ఇన్నేండ్ల డ్యూటీల నేను చూసిన దాంట్ల మొగోడు మందు మింగకపోవడం వల్ల ఆడదాని సంచి పోయిన ఇండ్లు ఎన్నో. నాకేం రోగం, నేనెందుకు మింగాలె అంటరు. మొగోళ్లకు ఏం కనిపించకుండ గూడ ఉంటది. ముంబై రోడ్డు మీద లారీ నడిపే మనిషి కదా అని అల్లుణ్ణి అనుమానించి చెప్తలేను. డాక్టర్ ఇద్దరికి రాస్తే ఇద్దరు మింగాలె, మందు అయ్యేదాక నిరోధ్ వాడాలె. అల్లుడా, నువ్వు ఈ కాయితం చదువుతుంటే ఈ ముక్క నీ కోసమే రాసిన. నువ్వు మంచోనివి, నీ మీద నమ్మకంతోనే రాసిన.

ముట్టు ఎక్కువయ్యేదానికి గూడ కత్తి కన్నా ముందు మెట్లు మస్తున్నయి. రక్తం ఆపే గోలీలు ఉన్నయి, ముట్టైన నాలుగైదు రోజులే మింగేటివి. హార్మోను గోలీలు ఉన్నయి. సంచి లోపల పెట్టే హార్మోను లూపు ఉంది, ఐదేండ్లకు మించి పని చేస్తది, దానితోని ముట్టు బాగ తగ్గుతది. రక్తం తక్కువుంటే ఐరన్ గోలీలు, మరీ తక్కువుంటే సెలైన్ల ఐరన్ ఎక్కిస్తరు. మన తెలంగాణల సగం మందికి పైన ఆడోళ్లకు రక్తహీనత ఉంది. నీ కండ్ల కింద రెప్ప మొన్న నేను చూసిన, తెల్లగ పాలిపోయింది. ఆయాసం, నడుము నొప్పి, కండ్లు తిరుగుడు, ఇవన్ని సంచి మీదికి తోస్తున్నవు గాని, రక్తం పెరిగితే సగం తగ్గొచ్చు.

క్యాన్సర్ భయం తీసెయ్యమని నేను చెప్పను. మన దేశపు ఆడోళ్లను చంపుతున్న క్యాన్సర్లల్ల సంచి మూతి క్యాన్సర్ రెండో జాగల ఉంది. నేను పని చేసిన ఊర్లల్ల దానితోని పోయిన తల్లుల మొకాలు నాకు ఇంకా కండ్ల ముందటనే ఉన్నయి. కాని అది ఎట్ల వస్తదో తెలుసుకుంటే నిన్ను ఎవ్వరు దానితోని బెదిరించలేరు. హెచ్‌పీవీ అనే వైరస్ ఆలుమగల కలయికతోని అంటుతది. పది మందికి అంటితే తొమ్మిది మందికి ఒకటి రెండేండ్లల్ల అదే పోతది. పోకుండ నిలబడ్డ కొందరిల అది క్యాన్సర్ కానీకి పది, పదిహేనేండ్లు పడుతది. అంత టైమ్ ఉంది గనుకనే పరీక్షతోని ముందే పట్టుకోవచ్చు. వెనిగర్ తెలుసు గద, పలుచటి వెనిగర్‌ను దూదితోని సంచి మూతికి అద్ది, ఒక్క నిమిషం ఆగి చూస్తరు. చెడిపోయిన జాగ ఉంటే తెల్లగ తేలుతది. ముంబై మురికివాడలల్ల టాటా క్యాన్సర్ దవాఖానోళ్లు లక్షన్నర మంది ఆడోళ్లతోని పన్నెండేండ్లు చూసిండ్రు. పరీక్ష చేసింది పెద్ద డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి నేర్చుకున్న ఆరోగ్య కార్యకర్తలు. దానితోనే ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గినయి. నాసొంటి ఆరోగ్య కార్యకర్తలే చేసిండ్రని చదివిన రోజు నాకెంత గర్వమైందో చెప్పలేను.

సర్కారు లెక్కల ముప్పై దాటిన ప్రతి ఆడమనిషి ఐదేండ్లకు ఒకసారి ఆ పరీక్ష చేయించుకోవాలె. నీకు ముప్పై రెండు. ఒక్కసారి గూడ చేయలే. పరీక్ష చేయకుండ క్యాన్సర్ అని బెదిరించి సంచి తీసుడు నాకు కోపం తెప్పిస్తుంది బిడ్డా. ఇంకొకటి విను. సంచి మూతిల నిజంగ క్యాన్సర్ ఉంటే, చూడకుండ మామూలు ఆపరేషన్ చేస్తే అది సగం వైద్యమే అయితది. దానికి చేసే ఆపరేషన్ వేరు, కరెంటు వైద్యం వేరు. అందుకని పరీక్ష ముందు, కత్తి ఎనుక.

నీ పెద్దబిడ్డకు పదకొండు నడుస్తుంది గద. ఆ వైరస్‌కు టీకా ఉంది. తొమ్మిది నుంచి పద్నాలుగేండ్ల నడుమ వేస్తే బాగ పని చేస్తది. పుణె సీరం కంపెనీ మన దేశంల చేసిన టీకా గూడ 2023ల వచ్చింది. ఆ టీకా పేరెత్తితే మన దిక్కు కొందరు భయపడుతరు, అది ఊరికే పుట్టిన భయం కాదు. 2009ల ఖమ్మం జిల్లాల హాస్టళ్లల్ల ఉన్న గిరిజన పిల్లలకు పరిశోధన పేరు మీద వేసిండ్రు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చానా చోట్ల వార్డెన్లు పెట్టిండ్రు. కొందరు పిల్లలు చనిపోతే 2010ల మొత్తం ఆపేసిండ్రు. ఆ చావులకు టీకా కారణమని విచారణల తేలలే. కాని అనుమతి తీసుకున్న తీరును 2013ల పార్లమెంటు కమిటీ గట్టిగ తప్పుపట్టింది. అందుకే చెప్తున్న, టీకా మంచిదే, వేయించు. కాని పిల్లకు అర్థమయ్యేటట్టు చెప్పి, నువ్వు చదివి, నువ్వు సంతకం పెట్టి వేయించు.

సంతకం దగ్గరికొస్తే నా తప్పు గూడ ఒకటి ఒప్పుకోవాలె. నీకు ఇరవై రెండేండ్లప్పుడు పిల్లలు కాకుండ ఆపరేషన్‌కు నేనే తీసుకపోయిన. క్యాంపుల టార్గెట్ ఉండేది. చెట్టు కింద చాపలేసి వరుసగ పండబెట్టేది. వేలిముద్ర నేనే పట్టించిన, నీ సొంటోళ్లవి ఎన్నో. ఏం చేస్తున్నరో, వేరే ఏ దారులున్నయో కూసోబెట్టి చెప్పింది తక్కువ. మొగోళ్లకు చేసే ఆపరేషన్ పది, పదిహేను నిమిషాలది, కోత కుట్టు లేనిది అని ఒక్క మొగోనికి గూడ గట్టిగ చెప్పలే. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంల ఒక్కరోజు 34 మంది ఆడోళ్లకు ఆ ఆపరేషన్ చేసిండ్రు, నలుగురు తల్లులు చనిపోయిండ్రు. ఆ వార్త చూసిన రాత్రి నా వెంట ఆటోల కూసున్న ఆడోళ్ల మొకాలన్ని యాదికొచ్చినయి. పిల్లల ఆపరేషన్ అయిపోయింది గనుక సంచికి ఇగ పని లేదు అన్న మాట, మా క్యాంపుల నుంచే మొదలైంది. నేను గూడ ఆ మాటన్నదాన్నే. నా బిడ్డలసొంటోళ్లకు అన్న.

నీ కంపెనీ సంగతి గూడ రాయాలె. పొద్దున ఐదింటికి కంపెనీ బస్సెక్కుతవు, పాశమైలారం చేరి షిఫ్టు దిగేదాక నీళ్లు తాగవు. ఎందుకంటే బాత్రూం దూరం, సూపర్‌వైజర్‌ను అడగాలె, రెండుసార్లు పోతే మొకం మాడుస్తడు. నీళ్లు తాగక, ఒంటికి ఆపుకొని, చెమటకు తడిసిన బట్టతోని పది గంటలు ఉంటే ఉచ్చపోసేకాడ మంట రాక ఏమైతది? ఆ మంటను గూడ సంచి రోగమే అనుకున్నవు. ఆడోళ్లకు వేరుగ, చుట్టూ మూసిన మరుగుదొడ్లు ఉండాలెనని 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచే ఉంది. నలుగురు ఆడోళ్లు కలిసి అడగండి. ఒక్కదానివి అడిగితే నీ మీద పడుతరు. నక్కవాగు నీళ్లు, గాలి, మందుల కంపెనీల వాసన, వాటి సంగతి పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు సారు బతికినన్నాళ్లు కొట్లాడిండు. ఆ నష్టం వేరే, దాని కథ పెద్దది. కాని అన్నిటికి మన ఆడోళ్లు తమ సంచినే నిందించుకొని కోయించుకుంటున్నరు, అదే నా బాధ.

నీ జీతంల నెలనెల ఈఎస్‌ఐ కింద నూటికి ముప్పావు రూపాయి కోస్తున్నరు. ఎన్నేండ్లు కట్టినవు, ఒక్కసారి వాడుకోలే. రామచంద్రాపురంల ఈఎస్‌ఐ దవాఖాన ఉంది. పరీక్షలకు, మందులకు అక్కడ పైసలుండవు. మీ గల్లీ ఆర్‌ఎంపీ మంచి మాటకారి, నాకు తెలుసు. జ్వరమొస్తే పోండి. సంచి సంగతికి ఆయన చెప్పిన దవాఖానకే ఎందుకు పోవాలె?

ఇన్ని చెప్పినంక ఒక మాట ఉంచుకో. సంచి ఎన్నడు తీయొద్దని నేను అంటలేను. క్యాన్సర్ అని ముక్క పరీక్షల తేలితే తీయాలె, ఆలస్యం చేయొద్దు. పెద్ద పెద్ద గడ్డలుండి, మందులు, లూపు ఏవీ పని చేయకుండ రక్తం పోతనే ఉంటే తీయాలె. సంచి పూర్తిగ జారి బయటికొస్తే, వేరే ఉపాయాలు కుదరకపోతే తీయాలె. కాన్పుల రక్తం ఆగకపోతే ప్రాణం కోసం తీస్తరు. మన పక్కింటి అక్కకు 48 ఏండ్లకు తీసిండ్రు, కారణం గట్టిది, ఇప్పుడు నిమ్మళంగ ఉంది. మొగనితోని కలిసినంక రక్తం పడితే, ముట్లు ఆగిన ఏడాదికి మళ్ల రక్తం కనిపిస్తే, కుళ్లిన కంపుతోని నీళ్లలెక్క పోతుంటే, సిగ్గుపడి ఇంట్ల కూసోవద్దు. అదే రోజు చూపించుకోవాలె. నీకు ఇవి ఏవీ లేవని మొన్న నేను అడిగితే చెప్పినవు. దాచిపెట్టకుండ చెప్పినవనే నమ్ముతున్న.

2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు దేశంల అన్ని రాష్ట్రాలకు ఒక మాట చెప్పింది. అక్కరలేకుండ సంచి తీసినా, ఆడమనిషికి తెలియజెప్పకుండ తీసినా ఆ దవాఖానను బ్లాక్‌లిస్టుల పెట్టాలె అన్నది. కోర్టు దాక పొయ్యే ఓపిక మనకు లేకపోవచ్చు. కాని డాక్టర్ ముందల కూసొని అడిగే హక్కు నీకుందని దేశపు పెద్ద కోర్టే చెప్పిందని యాదికుంచుకో. అడిగేటప్పుడు భయపడితే ఈ చీటీ తీసి చూసుకో: నాకు ఏ రోగముంది, దానికి ఏ పరీక్షల ఆధారముంది? మందులతోని ఎన్ని నెలలు చూద్దాం? సంచి ఒక్కటే తీస్తరా, అండాశయాలు ఉంచుతరా? ఇప్పుడు తీయకపోతే ఏమైతది? ఈ మాటలకు మంచి డాక్టర్ కోపం చేసుకోడు, కూసోబెట్టి చెప్తడు. నేను అసొంటి డాక్టరమ్మలతోని పని చేసిన, వాళ్లు ఉన్నరు.

కట్టిన అడ్వాన్స్ గురించి అల్లుడు గునుస్తడేమో. పోతే పోనీ. వాపస్ ఇయ్యకపోతే నా పింఛన్ల నుంచి నేనిస్త. నువ్వు నా చేతుల పుట్టిన పిల్లవు, మా చెల్లె నిన్ను కన్నప్పుడు బొడ్డు కోసింది నేనే.

సోమవారం ఆ దవాఖానకు పోకు. ఫోన్ చేసి, ఇంకొక డాక్టర్‌కు చూపించుకొని చెప్తనని చెప్పు, అంతకు మించి ఒక్క మాట గూడ చెప్పే పని లేదు. 2023 మార్చి 8న సర్కారు మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ పథకం కింద మంగళవారం ఆడోళ్లకే వైద్యం పెట్టిండ్రు. మీ ఆశమ్మకు ఫోన్ చేసి, సంగారెడ్డి పెద్ద దవాఖానల గూడ చూస్తున్నరో లేదో అడుగు. నేను ఆ దవాఖానకే వస్త, మెడికల్ కాలేజీ వచ్చినంక అక్కడ ఆడ డాక్టర్లు ఎక్కువైండ్రు. ముందు రక్తం, థైరాయిడ్, తర్వాత మూతి పరీక్ష. కాయితాలన్ని తెచ్చుకో, ఈఎస్‌ఐ కార్డు గూడ. పరగడుపున రాకు, రొట్టె తిని రా, నీకు కండ్లు తిరుగుతయి. పాత చీర ఒకటి చేతిసంచిల పెట్టుకో. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి సంగారెడ్డి బస్టాండ్ల, మన ఊరి బస్సు ఆగే కాడ, బల్ల మీద కూసొని ఉంట.

మీ పెద్దమ్మ
ఇస్మాయిల్‌ఖాన్‌పేట